నల్లపాడు పసికందు, హైదరాబాదు ప్రయోగశాల

గుంటూరు నగరపు అంచున నున్న నల్లపాడు కూడలిలో రైలుమార్గము రెండుగా చీలును. ఒకటి నరసరావుపేట, వినుకొండల మీదుగా నంద్యాలకు పోవును. రెండవది సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, నల్లగొండల మీదుగా హైదరాబాదు దిక్కునకు సాగును. ఇరుప్రక్కల నల్లరేగడి చేలు. వానియందు ప్రత్తి, మిరప. కోతల కాలమున కల్లములలో ఎండబోసిన మిరపకాయలు నేలకు ఎర్రని దుప్పటి కప్పినట్లు కనబడును. ఆ ఘాటునకు రైలు పెట్టెలో కూర్చున్నవాడును తుమ్మక తప్పదు.

ఈ నేల రైతునకు విత్తనమును గురించి ఎవరును పాఠము చెప్పనక్కరలేదు. ఏ విత్తనము ఏ తెగులునకు లొంగునో, ఏ సంకరమువలన ఏ గుణము వచ్చునో, సంకర విత్తనపు పంటనుండి తీసిన గింజ మరుసటి యేట ఎందుకు మోసము చేయునో అతడెరుగును. గుంటూరు చేరువనున్న లాం పరిశోధనా క్షేత్రమున రూపొందిన జి-4, ఎల్.సి.ఎ.-334 వంటి మిరప రకముల పేర్లు అతని నోట నానిన పేర్లు. కొనబోవు గింజ పుట్టుపూర్వోత్తరములను ఇంతగా విచారించు ఆ ఇంటిలోనే బిడ్డ పుట్టినప్పుడు, ఆ బిడ్డ రక్తములో తరతరములనుండి వచ్చిన మేలు కీడులను విచారించువారు అరుదు. ఇది రైతు తప్పు కాదు. విత్తనశాస్త్రము పొలము గట్టు వరకు నడచి వచ్చినది. మానవ జన్యుశాస్త్రము ఇంకను ఊరి పొలిమేర దాటి లోనికి రాలేదు.

రాలేదనుటకు శాస్త్రము దూరదేశమున నున్నదను సాకు చెల్లదు. నల్లపాడునుండి చీలిన ఆ రెండవ మార్గము చేర్చు హైదరాబాదులోనే, మనుష్యుని జన్యువులను, శరీరములో జరుగు జీవక్రియలను పరిశోధించు ప్రయోగశాలలు దేశమున పేరెన్నిక గన్నవి కలవు. అట్టి ప్రయోగశాలల గొప్పతనమును యంత్రముల ధరను బట్టియో, వెలువరించిన పత్రముల లెక్కను బట్టియో కొలుచుట వాడుక. అది చాలని కొలత. నల్లపాడు వంటి ఊరిలో పుట్టిన పసికందు మడమనుండి తీసిన ఒక్క రక్తపు బొట్టునకు ఆ ప్రయోగశాల ఎన్ని దినములలో సమాధానము చెప్పగలదు? కొలవవలసినది దీనిని.

జీవక్రియ యనగానే అది పండితులకు మాత్రమే తెలియదగిన విషయమని భయపడనక్కరలేదు. పెండ్లివారి వంటశాలను తలచుకొన్న చాలును. ఒకరు కూరగాయలు కడుగుదురు, ఒకరు తరుగుదురు, ఒకరు పోపు పెట్టుదురు, ఒకరు వండుదురు. తరుగువాడు రాకపోయెనా, కడిగిన కూరగాయలు వాని పీట ముందు కుప్పపడును. వండువాడు చేతులు కట్టుకొని కూర్చుండును. శరీరములోని పనియు ఇట్టిదే. బిడ్డ త్రాగిన పాలలోని మాంసకృత్తులు ఆమినో ఆమ్లములుగా విడిపోవును. వానిలో కొన్ని ఒడలి పెరుగుదలకు వినియోగపడును. మిగిలినవి మెట్టు మెట్టుగా మారుచు పోవును. ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క పనివాడు కలడు. వానికే ఎంజైము అని పేరు. ఏ పనివానిని ఎట్లు తయారుచేయవలెనో తెలుపు వ్రాత జన్యువు. అట్టి వ్రాతలన్నియు గల మహాగ్రంథము జీనోము. వ్రాతలో ఒక అక్షరము తప్పినచో పనివాడు పుట్టడు, లేదా చేతకానివాడై పుట్టును. అప్పుడు మారవలసిన పదార్థము మారక పేరుకొని విషమగును. కావలసిన పదార్థము కొరవడును. పైకి నిండుగా కనబడు బిడ్డ లోలోపల నలగిపోవును.

ఈ రహస్యమును మొదట పసిగట్టినవాడు ఆర్చిబాల్డు గారడ్ అను లండను వైద్యుడు. కొందరు శిశువుల మూత్రము గాలిలో కొంతసేపు నిలిచినచో నల్లబడును. ఆ శిశువుల తలిదండ్రులలో పలువురు అన్నదమ్ముల, అక్కచెల్లెండ్ర బిడ్డలని ఆయన 1902లో ప్రకటించిన వ్యాసమున గుర్తించెను. 1908లో చేసిన ఉపన్యాసములలో, పుట్టుకతో వచ్చు జీవక్రియా లోపములు కలవను భావమును ఆయన వైద్యలోకము ముందుంచెను. 1934లో నార్వే దేశమున మరియొక సంఘటన జరిగెను. ఒక తల్లి తన యిద్దరు బిడ్డలకు బుద్ధి వికసింపకుండుటకును, వారి యొద్దనుండి వచ్చు వింత వాసనకును ఏదో సంబంధము కలదని పట్టుపట్టి వైద్యుల చుట్టు తిరిగెను. ఫాలింగ్ అను వైద్యుడు ఆమె మాటను త్రోసిపుచ్చక మూత్రమును పరీక్షించి, ఫినైల్ కీటోన్యూరియా అని నేడు పిలువబడు వ్యాధిని కనుగొనెను. ఆ తల్లి పట్టుదలయే లేకున్న శాస్త్రము మరికొన్ని యేండ్లు చీకటిలో నుండెడిది. 1950లలో ఆహారమును మార్చి ఈ వ్యాధిని అదుపులో నుంచవచ్చునని తేలినది. 1960ల తొలినాళ్లలో అమెరికాలో రాబర్టు గత్రీ, శిశువు మడమనుండి తీసి కాగితముపై అద్దిన రక్తపు బొట్టుతోనే ఈ వ్యాధిని ముందుగా పట్టు మార్గమును చూపెను. ఆ కాగితము ఎండిన పిమ్మట తపాలా కవరులో పంపినను చెడదు. మారుమూల గ్రామమునకును ప్రయోగశాలకును వంతెన వేసినది ఆ చిన్న కాగితపు ముక్కయే.

ఈ శాస్త్రములో తెలుగువాని పాలు కొంచెమైనది కాదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు తన సోదరులను స్ప్రూ వ్యాధికి కోల్పోయెను. అమెరికా చేరి, 1925లో ఫిస్కేతో కూడి, రక్తములోని ఫాస్ఫరసును రంగు గాఢతను బట్టి కొలుచు పద్ధతిని ప్రకటించెను. ఆ పద్ధతిని ప్రపంచపు వైద్య ప్రయోగశాలలు దశాబ్దముల తరబడి పాటించినవి. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి. అను పదార్థములు ఆ కృషిలోనే బయటపడినవి. అటుపిమ్మట లెడర్లీ ప్రయోగశాలలలో ఆయన నడపిన బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసినది. అది స్ప్రూ వ్యాధికి మందైనది. ఇంటిలో పడిన దుఃఖము ప్రయోగశాలకు దారి చూపుటయు, ప్రయోగశాలలో పుట్టిన మందు మరల రోగి మంచము చేరుటయు ఆ జీవితమున కనబడును. 1948లో ఆయన కన్నుమూసెను. ఆయన పేరు తెలియని తెలుగు విద్యార్థి యుండుట పాఠశాలలకు శోభ కాదు.

హైదరాబాదు సంస్థలును ఈ దారిలో నడచినవే. 1918లో కూనూరులో పుట్టిన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. నేడది జాతీయ పోషకాహార సంస్థ. జొన్న ముఖ్యాహారముగా గల పేదలలో పెల్లాగ్రా వ్యాధి ఏల కనబడుచున్నదో, జొన్నలోని ల్యూసిన్ అను ఆమినో ఆమ్లమునకు అందులో ఏమి పాత్ర కలదో అక్కడి శాస్త్రజ్ఞులు గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో చర్చకు తెచ్చిరి. పేదవాని కంచములోని మెతుకును విచారించుటకంటె ప్రయోగశాలకు వేరు గౌరవమేమి కలదు? 1977లో ఆరంభమైన కణ, అణు జీవశాస్త్ర కేంద్రము, డి.ఎన్.ఎ. వేలిముద్రల కేంద్రము, ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యుశాస్త్ర విభాగము, జన్యు వ్యాధుల చికిత్సకై బేగంపేటలో నెలకొనిన ఆ విశ్వవిద్యాలయపు సంస్థ, ఇవన్నియు ఆ నగరమును జన్యుశాస్త్రమునకు కేంద్రముగా చేసినవి. ఒక విశ్వవిద్యాలయము తన జన్యు ప్రయోగశాలకు ఆసుపత్రిని జోడించుట తక్కిన విశ్వవిద్యాలయములకు పాఠము కావలసిన విషయము.

రక్తపు బొట్టు పరీక్ష ఏమి చెప్పగలదో హైదరాబాదులోనే ఋజువైనది. 2000 సంవత్సరమున ఆరంభించి నాలుగు ప్రభుత్వ ప్రసూతి వైద్యశాలలలో పుట్టిన 18,300 మంది శిశువులను పరీక్షించిరి. ఇంచుమించు 1,000 మందిలో ఒకరికి జీవక్రియా లోపము కనబడినది. పుట్టుకతో థైరాయిడు గ్రంథి చాలినంత పనిచేయని లోపము ఇంచుమించు 1,700 మందిలో ఒకరికి కనబడినది. వేయింట ఒకటి యనగా స్వల్పమే గదా అనిపించవచ్చును. పెద్ద ప్రసూతి వైద్యశాల యొక్క ఏడాది పట్టికను ఎదుట నుంచుకొని లెక్కించినచో ఆ స్వల్పము ఎందరు తల్లుల ఒడి యగునో తెలియును.

థైరాయిడు లోపమునే తీసికొనుడు. పుట్టిననాడు ఆ బిడ్డ తక్కిన బిడ్డలవలెనే యుండును. కొంచెము ఎక్కువగా నిద్రించును; ఏడుపు తక్కువ. “ఎంత బుద్ధిమంతుడు! రాత్రులు నిద్ర చెడగొట్టడు” అని అమ్మమ్మ మురియును. ఆ మురిపెము చాటుననే మెదడు ఎదుగుదల కుంటుపడుచుండును. తొలి వారములలో గుర్తించి, దినమునకొక చవకైన మాత్ర నిచ్చుచు వచ్చినచో ఆ బిడ్డ పలక పట్టి అందరితోపాటు బడికి పోవును. నెలలు గడచిన పిమ్మట గుర్తించినచో పోయిన బుద్ధి పూర్తిగా తిరిగిరాదు. తరగతిలో వెనుక బల్లపై కూర్చుండి, అయిదవ యేటను అక్షరము పట్టుపడక దెబ్బలు తిన్న పిల్లలలో ఎందరు ఇట్టివారో ఏ ఉపాధ్యాయుడు చెప్పగలడు? బెత్తము చేయలేని పనిని ఒక మాత్ర చేసియుండెడిది.

ఇక తెలుగునాట ఈ విషయము మాటలాడునప్పుడు మేనరికమును దాటి పోవుటకు వీలులేదు. అక్క కూతురును తమ్మునికిచ్చుట, మేనత్త కొడుకునకు మేనమామ కూతురునిచ్చుట ఈ నేలపై అనాదిగా నున్న ఆచారము. దానికి కారణములు లేకపోలేదు. పొలము చీలదు, పిల్ల కన్నవారి కనుసన్నల నుండును, మేనత్తయే అత్తయైన ఇంట కోడలికి కొంత ధైర్యము. ఆ మమకారమును ఎగతాళి చేయువాడు శాస్త్రజ్ఞుడు కాడు. అయినను లెక్క లెక్కయే. ప్రతి మనిషియందును ఏదో యొక జన్యువులో తప్పు వ్రాత యుండును. తల్లినుండి ఒక ప్రతి, తండ్రినుండి ఒక ప్రతి వచ్చును గనుక, ఒకటి చెడినను రెండవది పని నడపును. మనిషికి ఆ విషయమే తెలియదు. తలిదండ్రులిద్దరికిని అదే తప్పు వ్రాత యున్నప్పుడు మాత్రము ప్రతి కాన్పునను నాలుగింట ఒక పాలు బిడ్డకు రెండును చెడినవే వచ్చును. మేనబావ మరదళ్లు తమ జన్యువులలో ఎనిమిదవ వంతును, మేనమామ మేనకోడండ్రు నాలుగవ వంతును ఒకే మూలమునుండి పొందియుందురు. కావున ఒకే తప్పు ఇద్దరి యందును ఎదురుపడు అవకాశము పెరుగును. పుట్టుకతో వచ్చు లోపములు సాధారణ దంపతుల సంతానమున నూటికి రెండు మూడుండగా, మేనబావ మరదళ్ల సంతానమున మరి రెండు మూడు హెచ్చును. అనగా నూటికి తొంబదికి పైగా బిడ్డలు ఆరోగ్యముగనే పుట్టుదురు. భయపెట్టుటకు ఈ లెక్క చాలదు, ఉపేక్షించుటకును వీలుకాదు.

మేనరికము చేసికొననివారికి చింతలేదనుకొనుటయు పొరపాటే. హైదరాబాదు కణ, అణు జీవశాస్త్ర కేంద్రపు శాస్త్రజ్ఞులును అమెరికా శాస్త్రజ్ఞులును కలిసి 2017లో వెలువరించిన పరిశోధనలో దక్షిణాసియాకు చెందిన 263 సమూహములను పరిశీలింపగా, వానిలో 81 సమూహములు ఎన్నో తరములుగా కొద్దిమంది పూర్వుల సంతతిలోనే వివాహములు చేసికొనుచు వచ్చినవని తేలినది. బంధుత్వము లేదనుకొని చేసిన సంబంధములోను, కులము లోపలనే వెదకినందున, దూరపు చుట్టరికము దాగియుండును. తెలుగునాటి వైశ్యులు ఇందుకు ఉదాహరణ. శస్త్రచికిత్సకు ముందు కండరములను సడలించుటకు ఇచ్చు సక్సినైల్ కోలిన్ అను మందును విడగొట్టు ఎంజైము లోపము వారిలో ఇతరులకంటె ఎన్నో రెట్లు అధికము. సాధారణముగా కొన్ని నిమిషములలో తొలగవలసిన మందు ప్రభావము అట్టివారిలో గంటల తరబడి నిలిచి, ఊపిరి తనంత తాను ఆడదు. ఇది ఎవరి దోషమును కాదు; ఎవరికిని చిన్నతనమును కాదు. ముందుగా తెలిసినచో మత్తు వైద్యుడు వేరొక మందు నెన్నుకొనును. అంతటితో ప్రమాదము తప్పును. మార్గము తెలిసిన లోపమునకు సిగ్గుపడుటకంటె వైద్యునికి ఒక మాట చెప్పుట మేలు గదా!

ఈ వాదమునకు అడ్డు చెప్పువారు కలరు. వారి మాటలలో బలమును కలదు. రక్తహీనతతో బాధపడు తల్లికి ఇనుము మాత్ర, పసికందునకు శుభ్రమైన నీరు అందింపలేని చోట జన్యు పరీక్షలు ఆడంబరము కావా అని వారి మొదటి ప్రశ్న. పేదవానికి అన్నము ముందు, శాస్త్రము తరువాత అనునది దయగల మాటవలె తోచును. ఫలితమున మాత్రము అది శాస్త్రమును ధనవంతునికి వ్రాసియిచ్చుటయే. డబ్బు గలవాడు ఎట్లును పెద్ద ఆసుపత్రిలో పరీక్ష చేయించుకొనును. ఉచితముగా అందవలసినది కూలికి పోవు తల్లి బిడ్డకే. జీవితాంతము పరుల సాయము వలసిన బిడ్డను సాకుటకు ఆ కుటుంబమునకు అగు వ్యయముతో పోల్చినచో కాగితముపై అద్దిన రక్తపు బొట్టు వ్యయమెంత?

రెండవ ఆక్షేపణ మరింత గట్టిది. జన్యులోపము బయటపడిన ఇంటి ఆడపిల్లకు సంబంధములు రావు. లోపముగల బిడ్డను కన్న తల్లిని అత్తవారు దూషింతురు. ఇది నిజము. అజ్ఞానము చేతికి శాస్త్రమిచ్చినచో అది కత్తియే యగును. అయితే ఇందుకు విరుగుడు పరీక్షను మానుట కాదు, దాని అర్థమును సరిగా చెప్పుట. రెండు ప్రతులును చెడినప్పుడే వచ్చు ఇట్టి రోగము బిడ్డకు రావలెనన్న చెడు వ్రాత తండ్రినుండియు రావలెను, తల్లినుండియు రావలెను. సగము బాధ్యత తనదైనవాడు భార్యను వేలెత్తి చూపుటకు శాస్త్రములో చోటులేదు. “నీ కడుపు మంచిది కాదు” అను మాటకు ఇంతకంటె చక్కని జవాబు ఏ ధర్మశాస్త్రమున దొరకును?

మూడవది రహస్యమును గూర్చిన భయము. 2020లో అనుమతి పొందిన జీనోమ్ ఇండియా పథకము క్రింద 10,000 మంది భారతీయుల జన్యుగ్రంథములు చదువబడి, ఆ సమాచారము 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చినది. దేశమునకు అది గొప్ప సంపద. అయితే రక్తమిచ్చినవాడు ఏమి ఇచ్చుచున్నాడో, అది ఎవరి చేతికి పోవునో తన భాషలో తెలిసికొని ఒప్పుకొనవలెను. వేలిముద్ర వేయించుకొని సమ్మతి యనుట సమ్మతి కాదు. రక్తము తీసికొని పోయి ఫలితము చెప్పకుండుట అంతకంటె అన్యాయము. రైతు చేనిలో మట్టిని తీసికొనిపోయినవాడు ఆ మట్టి గుణమేమో చెప్పక మానినచో రైతు ఊరకుండునా?

కావున చేయవలసిన పని స్పష్టముగనే యున్నది. గోవా 2008లో నవజాత శిశువుల రక్త పరీక్షకు పూనుకొన్నది. కేరళ ప్రభుత్వము తన ప్రసూతి వైద్యశాలలలో థైరాయిడు మొదలైన కొన్ని లోపములకు ఈ పరీక్షను జరుపుచున్నది. దేశమంతట ఇది విధిగా జరుగు పని ఇంకను కాలేదు. 18,300 మంది శిశువులతో దీని ఆవశ్యకతను చూపిన తెలుగునేలయే వెనుకబడుట తగదు. గుంటూరులో 1946లో స్థాపితమైన వైద్య కళాశాల కలదు. నంబూరు చెంత ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయము కలదు. వైద్య కళాశాల ప్రసూతి విభాగము రక్తపు బొట్టును సేకరింపగా, విశ్వవిద్యాలయపు ప్రయోగశాల దానిని పరీక్షింపగా, కష్టమైన ప్రశ్నలను హైదరాబాదు సంస్థలకు పంపగా, విద్యార్థికి విద్యయు శిశువునకు రక్షణయు ఒక్కసారిగా సిద్ధించును. మూడవ దినమున రక్తము తీయవలెను. వారము పది దినములలో జవాబు తల్లికి అందవలెను. ఆ జవాబును తీసికొని పోవలసిన ఆశా కార్యకర్త ఆ ఇంటి గడపను ఇదివరకే ఎరిగియున్నది.

ఇందులో ఉపాధ్యాయుని భాగము వైద్యుని భాగముకంటె తక్కువది కాదు. మెండెల్ బఠానీలను గూర్చిన పాఠమును పరీక్షకొరకు వల్లెవేయించి విడుచుట సులభము. ఆ పాఠమునే మేనరికమునకు అన్వయించి, నాలుగు గళ్ల పటము గీసి, పెండ్లి యీడు రాకముందే పిల్లలకు బోధించిన ఉపాధ్యాయుడు ఎన్ని కుటుంబములకో మేలు చేసినవాడగును. అయితే అచట మాట తీరు ముఖ్యము. తరగతిలో మేనరికపు సంతానమే సగముండవచ్చును. వారి తలిదండ్రులు తప్పుచేసిరనునట్లు చెప్పరాదు. ఆచారము ఏ కాలమున ఏ అవసరమునకు పుట్టినదో చెప్పి, నేటి లెక్క ఏమి చెప్పుచున్నదో చూపి, నిర్ణయము వారికే విడువవలెను. ఈ పాఠము తెలుగులో చెప్పుటకు మాటలు లేవనుట సోమరితనము. జన్యువు, జీవక్రియ అను మాటలు ఇదివరకే నాటుకొన్నవి. ఎంజైము, థైరాయిడు పల్లెటూరి మందుల దుకాణములోను వినబడుచున్నవి. లేనిది మాట కాదు, చెప్పవలెనను పట్టుదల.

నల్లపాడు మీదుగా హైదరాబాదు రైలు ప్రతిదినము పోవుచునే యున్నది. దానిలో ఈ నేల బిడ్డలు చదువులకు, ఉద్యోగములకు, ఆసుపత్రులకు పోవుచున్నారు. ఒక చిన్న కవరులో ఎండిన రక్తపు బొట్టును ఆ రైలు మోసికొనిపోయి, వారము తిరుగకముందే ఆ తల్లికి సమాధానము తెచ్చిననాడు ప్రయోగశాలకు, పల్లెకు నడుమ దూరము నిజముగా తగ్గినట్లగును. అందుకు క్రొత్తగా పట్టాలు వేయనక్కరలేదు.